కొమ్ము విల్లు – కొనేవారు, అమ్మేవారు



విల్లు అనగానే మన చాందా, గడ్చిరోలి, ఆదిలాబాదు ప్రాంతాల వాళ్ల కళ్లముందు వెదురు విల్లు మెదులుతుంది. గోండులు, కోలాములు తమ చేతులతో తాము చేసుకునే విల్లు అది. ఒక మంచి వెదురు గడ, ఒక కత్తి, కాస్త ఓపిక ఉంటే చాలు. చాలాచోట్ల దాని నారి కూడా వెదురు బద్దే. ఈ వేళ నేను మీతో మాట్లాడబోయేది దాని గురించి కాదు. గేదె కొమ్ము, కొయ్య, పశువు నరాలు కలిపి చేసే కొమ్ము విల్లు గురించి. మంగోలియా దేశంలో దీన్ని ఇప్పటికీ చేత్తోనే తయారు చేస్తున్నారు. అటువంటి విల్లును కొని దాచుకునేవాళ్లు, ఒకరి దగ్గరున్నది మరొకరితో మార్చుకునేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు.

ఎక్కడి మంగోలియా, ఎక్కడి చంద్రపూర్, మనకెందుకీ గొడవ అంటారేమో. సంబంధం ఉంది. ఆ జాతి విల్లే ఒకప్పుడు మన దేశంలో రౌతుల భుజాన వేలాడింది. పాత జమీందారుల వాడాల్లోనో, దేశ్‌ముఖుల ఇళ్లలోనో, అటక మీద గుడ్డలో చుట్టి అలాంటిది ఒకటి ఈనాటికీ పడి ఉండవచ్చు. పాతసామాను కొనేవాడు వచ్చి, "ఆ విరిగిన వంకర కర్ర ఎంతకిస్తారు?" అని అడిగితే ఏం జవాబు చెప్పాలో మనకు తెలిసి ఉండాలి. అందుకే ఈ ప్రసంగం.

ముందు ఆ విల్లు ఎలా తయారవుతుందో చెబుతాను. అది తెలిస్తే దాని విలువ గురించి వేరే చెప్పనక్కరలేదు.

విల్లును లాగినప్పుడు రెండు పనులు జరుగుతాయి. లాగేవాడి ముఖంవైపు ఉన్న పొర నలుగుతుంది. ఎదుటివైపు ఉన్న పొర సాగుతుంది. వట్టి కర్ర ఈ రెండింటినీ ఒంటరిగా భరించాలి. అందుకని కర్ర విల్లు పొడుగ్గా ఉంటే తప్ప గట్టిగా లాగలేం, లాగితే విరుగుతుంది. కొమ్ముకు నలుగుడును తట్టుకునే గుణం ఉంది. ఎండబెట్టిన నరానికి సాగుడును తట్టుకునే గుణం ఉంది. ఈ రెండింటి మధ్య పలుచని కొయ్యనో వెదురునో పెట్టి, లోపలివైపు కొమ్ము, బయటివైపు నరం అతికిస్తే, పొట్టి విల్లులోనే పొడుగు విల్లు బలం వస్తుంది. పొట్టిది కాబట్టి గుర్రం మీద కూర్చుని ఇటూ అటూ తిప్పవచ్చు. ఈ ఆలోచన ఎవరికి మొదట తట్టిందో గాని, వేల ఏళ్ల నాటి మాట.

ఆలోచన చిన్నదే, పనే పెద్దది. పొడుగైన గేదె కొమ్మును నిలువునా కోసి, వంపు బయటి భాగం నుంచి బద్ద తీస్తారు. విల్లుకు రెండు రెక్కలు కాబట్టి రెండు కొమ్ములు కావాలి. ఆ బద్దను సెగ చూపించి సాపు చేసి, కొయ్యకు అతికేవైపు సన్నని గాట్లు నిలువునా గీస్తారు. కొయ్యకూ అలాంటి గాట్లే గీస్తారు. జిగురు పట్టాలంటే ఆ గాట్లు ఒకదానిలో ఒకటి కూర్చోవాలి. జిగురు చేప గాలితిత్తి నుంచి తీసింది కావచ్చు, తోలు ఉడికించి తీసింది కావచ్చు. అతికించి తాడుతో బిగించి కట్టి వదిలేస్తారు. అది పూర్తిగా ఆరాక నరం పని. పశువుల కాళ్లలోనూ వెన్నులోనూ ఉండే నరాలను ఎండబెట్టి, సుత్తితో చితగ్గొట్టి, దువ్వెనతో దువ్వితే జనపనార లాంటి పోగులు వస్తాయి. వాటిని వేడి జిగురులో ముంచి వరసలు వరసలుగా విల్లు వీపు మీద పరుస్తారు. ఒక పొర వేశాక అది ఆరేదాకా ఆగాలి, తర్వాత మరో పొర. తొందరపడితే లోపలి తేమ బయటికి పోదు, విల్లు మెత్తబడుతుంది. చివరికి పైన భూర్జపత్రపు బెరడు చుట్టి తేమ తగలకుండా కప్పుతారు. మొదలుపెట్టిన నాటి నుంచి బాణం వేసే నాటి దాకా ఏడాది గడిచిపోవడం మామూలే. ఒక పనివాడు ఒకేసారి పది పదిహేను విళ్లు వేరువేరు దశల్లో పెట్టుకుని పని చేస్తేగాని పొట్ట గడవదు.

నారి విప్పేసినప్పుడు ఈ విల్లు ఒక చిత్రం చేస్తుంది. వెనక్కి తిరిగిపోతుంది. అంటే నారి కట్టినప్పుడు ఏ వైపు వంగుతుందో, విప్పినప్పుడు దానికి సరిగ్గా ఎదురువైపు ముడుచుకుంటుంది. కొన్ని పాత హిందుస్తానీ విళ్లు దాదాపు చక్రంలా చుట్టుకుపోతాయి. సంగతి తెలియనివాడు ఆ వంపు చూసి, అదే విల్లు వంపు అనుకుని, ఆ వైపే నారి కట్టబోతాడు. ఫట్టుమని విరుగుతుంది. రెండు మూడు వందల ఏళ్లు నిలిచిన వస్తువు ఒక్క నిమిషంలో పోతుంది. ఈ ప్రసంగంలో మీరు ఒక్క ముక్కే గుర్తు పెట్టుకోదలిస్తే ఇదే గుర్తుపెట్టుకోండి: పాత కొమ్ము విల్లు దొరికితే దానికి నారి కట్టే ప్రయత్నం చేయకండి. సరైన వైపు అయినా సరే. ఎండిపోయిన జిగురు, పగిలిన కొమ్ము ఆ బిగువును తట్టుకోలేవు. తెలిసిన పనివాళ్లు సెగ చూపిస్తూ, కొయ్య అచ్చులకు కట్టి, మెల్లమెల్లగా తిప్పుకుంటారు. అది మనం ఇంట్లో చేసే పని కాదు.

మంగోలులు ఈ విల్లుతో ఎంత దూరం వేసేవారో ఒక శిలాశాసనం చెబుతుంది. చెంగిజ్ ఖాన్ తమ్ముడి కొడుకు యెసుంగె వేసిన బాణం 335 అల్దాల దూరం వెళ్లిందని దాని మీద చెక్కారు. సుమారు 1225 నాటి రాయి అది. ఇప్పుడు రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. అల్దా అంటే ఏమిటో తెలుసా? రెండు చేతులూ బార్లా చాపితే ఎంతో అంత. అంటే మన బార. 335 బారలంటే దాదాపు అర కిలోమీటరు. గురిపెట్టి కొట్టిన దెబ్బ కాదు లెండి, దూరం కోసం వేసింది. అయినా అర కిలోమీటరు!

ఇక మన దేశం సంగతి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఆయుధాగారాన్ని గురించిన అధ్యాయం ఒకటి ఉంది. అందులో విళ్లను నాలుగు రకాలుగా చెప్పాడు: తాటి కర్రది, వెదురుది, మామూలు కొయ్యది, కొమ్ముది. నాలుగోదాని పేరు శార్ఙ్గం. శృంగం అంటే కొమ్ము, శృంగంతో చేసింది శార్ఙ్గం. విష్ణువును శార్ఙ్గపాణి అని మనం రోజూ తలుచుకుంటాం కదా, ఆ మాటకు తిన్నగా అర్థం చెబితే కొమ్ము విల్లు చేతబట్టినవాడని. మన పిల్లలకు ఆ పేరు పెట్టుకుంటాం గాని దాని లోపల ఒక పనివాడి విద్య దాగి ఉందని ఎప్పుడైనా అనుకున్నామా?

మొగలు పాదుషాల కాలం వచ్చేసరికి కొమ్ము విల్లు దర్బారు వస్తువైంది. మొగలు అనే మాటే మంగోలు అనే మాటకు ఫారసీ రూపం. ఈ విల్లును ఫారసీలో కమాన్ అన్నారు. చేసేవాడు కమాన్‌గర్. మన హిందుస్తానీ విళ్ల మీద బెరడు బదులు లక్క రంగులు, బంగారు పూత పువ్వులు కనిపిస్తాయి. విల్లు లాగే బొటనవేలికి రాతి ఉంగరం తొడిగేవారు. షాజహాన్ బిరుదు చెక్కిన అలాంటి ఉంగరం లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఒకవైపు కోసుగా సాగిన లావుపాటి రాతి ఉంగరం మీ ఇంట్లో ఏ పెట్టెలోనైనా ఉంటే, వేలికి పట్టని నగ అనుకుని పారేయకండి.

అక్బరు కాలంలో రాసిన ఐనీ అక్బరీలో మన చాందాను ఏలిన గోండు రాజు బాబాజీ బల్లాళ్ షా ప్రస్తావన ఉంది. ఎవరికీ కప్పం కట్టని రాజుగా ఆయన్ను చెప్పారు. 1751లో చాందా నాగపూరు భోంస్లేల చేతికి వచ్చింది. 1818లో ఇంగ్లీషువాళ్లు ముట్టడించి పట్టుకున్నారు. జట్‌పురా దర్వాజా నుంచి పఠాన్‌పురా దర్వాజా దాకా ఊరి చుట్టూ ఉన్న ఆ కోట గోడే అన్ని చేతులూ మారింది. కోట చేతులు మారినప్పుడల్లా ఆయుధశాలా చేతులు మారుతుంది. కొన్ని వస్తువులు గెలిచినవాళ్లతో పోతాయి, కొన్ని ఓడినవాళ్ల ఇళ్లలో దాగుతాయి. ఇవతల రాజురా తాలూకా 1956కు ముందు హైదరాబాదు రాజ్యంలోనే, ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. కాబట్టి ఈ సరిహద్దు ఇళ్లలో నాగపూరు నుంచి వచ్చిన వస్తువూ ఉండవచ్చు, హైదరాబాదు నుంచి వచ్చిన వస్తువూ ఉండవచ్చు.

తుపాకి వచ్చాక విల్లు పక్కకు తప్పుకుంది. అది అన్ని దేశాల్లోనూ జరిగింది. అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. చీనాలో సైనికోద్యోగ పరీక్షలో విల్లు లాగి చూపించాలనే నియమం 1901 దాకా ఉండేది. అందువల్ల విల్లు చేసేవాడికి అప్పటిదాకా పని దొరికింది. మంగోలియాలో ఏటా జూలైలో నాదమ్ అనే పండుగ జరుపుతారు. కుస్తీ, గుర్రపు పందెం, విలువిద్య, ఈ మూడూ దానిలో పోటీలు. 2010లో యునెస్కో ఈ పండుగను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. పోటీ ఉంది కాబట్టి విల్లు కావాలి, విల్లు కావాలి కాబట్టి పనివాడు కావాలి. బీజింగ్ నగరంలో జూయువాన్‌హావ్ అనే పాత విళ్ల దుకాణం ఉంది. ఆ ఇంటివాళ్లు తమ విద్యను మళ్లీ నిలబెట్టుకున్నారు. 2006లో చీనా ప్రభుత్వం ఆ విద్యను జాతీయ వారసత్వ జాబితాలోకి ఎక్కించింది.

మన కమాన్‌గర్లకు పరీక్షా లేదు, పండుగా లేదు. వాళ్లకు అన్నం పెట్టింది దర్బారు. దర్బారు పోయింది, అన్నం పోయింది. కచ్ ప్రాంతంలో కమాన్‌గర్లు విళ్ల మీద పువ్వులు గీసిన చేతులతో ఇళ్ల గోడల మీద బొమ్మలు గీశారు. ఆ చిత్రకళకు కమాన్‌గరీ అనే పేరే నిలిచింది. ఉత్తరాదిన కమాన్‌గర్ అనే మాటకు విరిగిన ఎముకలు కట్టేవాడు అనే అర్థం కూడా వచ్చింది. మన పుత్తూరు కట్టు కట్టేవాళ్లు ఉన్నారు చూడండి, అలాంటివాళ్లన్నమాట. సెగ చూపించి వంపులు సరిచేసి, తాడు చుట్టి కట్టడం తెలిసిన చేతికి ఎముక కట్టడం ఎంతసేపు? తెలుగులో కమాను అనే మాట ఇంకా బతికే ఉంది. కరీంనగరంలో కమాను ఉంది, లారీ కింద కమాను కట్టలు ఉన్నాయి. విల్లు మాత్రం లేదు.

వెదురు విల్లు మాత్రం బతికింది. ఎందుకంటే దానికి దర్బారు అక్కరలేదు. ఎవడి విల్లు వాడే చేసుకుంటాడు.

ఇప్పుడు అమ్మకాల సంగతికి వద్దాం. మంగోలు విల్లును ఒక సేకర్త మరొకరికి ఇచ్చేటప్పుడు ఏం మాట్లాడుకుంటారు? మొదటి ప్రశ్న, ఎవరు చేశారు? పనివాడి పేరు, ఊరు, చేసిన ఏడాది. రెండోది, కొమ్ము దేనిది? గేదెదా, కొండమేకదా? మూడోది, ఎంత బలం? నారి మధ్యలో తూనిక తగిలించి, ఇన్ని అంగుళాలు లాగితే ఇన్ని పౌన్లు అని చెబుతారు. అంగుళాలు చెప్పకుండా పౌన్లు మాత్రం చెబితే ఆ లెక్కకు అర్థం లేదు. నాలుగోది, నారి కట్టినప్పుడు రెక్కలు తిన్నగా ఉన్నాయా, ఒక పక్కకు మెలిపడ్డాయా? ఐదోది, ఎక్కడైనా కొమ్ము పొర లేచిందా, ఎప్పుడైనా అతుకు వేశారా? అతుకు వేయడం తప్పు కాదు, దాచడం తప్పు. నారి కట్టిన ఫోటో ఒకటి, విప్పిన ఫోటో ఒకటి పంపుతారు. మంగోలు విల్లు పేరుతో బజారులో దొరికేవాటిలో చాలావాటి లోపల ఫైబర్ గ్లాసు ఉంటుంది. ఆటకు అది బాగానే పనికొస్తుంది, వానకు చెడదు, ఖరీదూ తక్కువ. కాని దాన్ని కొమ్ము విల్లని చెప్పి అమ్మితే మోసమే.

గమనించారా, అన్నిటికంటే ముందు వచ్చే ప్రశ్న పనివాడి పేరు. ఆ పేరుకే ధర. ఒక విల్లు చేతులు మారిన కొద్దీ ఆ పేరు నలుగురికీ తెలుస్తుంది, కొత్త విల్లు కోసం ఆ పనివాడి ఇంటి తలుపు తడతారు. అక్కడ బేరం పనివాడిని పోషిస్తోంది. ఇక్కడో? మన దేశంలో పాత కొమ్ము విల్లు చేతులు మారితే లాభం మధ్యవాడిదే. చేసినవాడు ఎవరో తెలియదు, వాడి మనుమలు ఏ గోడకు సున్నం వేస్తున్నారో తెలియదు. ఇంటివాడికేమో నాలుగు నోట్లు. పైగా ఏ ఇంటి నుంచి వచ్చిందో చెబితే చిక్కులని, మధ్యవాడు ఆ వివరం తుడిచేస్తాడు. ఆ వివరంతోనే దాని చరిత్రా పోతుంది. నాకు బాధ కలిగించేది ఈ తుడిచివేతే, డబ్బు కాదు.

చట్టం కూడా తెలుసుకోండి. 1972లో పురావస్తువుల చట్టం వచ్చింది, 1976 నుంచి అమల్లో ఉంది. నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువు. మీ సొంత వస్తువును దేశంలోనే మరొకరికి అమ్ముకోవడం నేరం కాదు. కాని పురావస్తువుల వ్యాపారం చేసేవాడికి కేంద్ర పురావస్తు శాఖ ఇచ్చే లైసెన్సు ఉండాలి. మీ గడపలోకి వచ్చినవాడిని ఆ లైసెన్సు చూపించమని అడగండి. అది అడగడానికి మొహమాటపడనక్కరలేదు. పురావస్తువును దేశం దాటించే హక్కు ప్రభుత్వానికీ, ప్రభుత్వం అనుమతించిన సంస్థలకూ తప్ప ఇంకెవరికీ లేదు. దొంగతనంగా దాటిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. "విదేశంలో మంచి ధర, పార్సిలు నేను చూసుకుంటాను" అనేవాడిని గడపలోంచే పంపించండి.

రెండోది అడవి చట్టం. మనం తాడోబా పక్కన ఉన్నాం. పెంపుడు గేదె కొమ్ముతో ఏ పేచీ లేదు. కాని అడవి దున్న కొమ్ము, అడవి గేదె కొమ్ము, దుప్పి కొమ్ము, ఏనుగు దంతం, వీటి అమ్మకం కొనుగోలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నిషేధం. గడ్చిరోలి జిల్లా కోలామార్కా అడవిలో అడవి గేదెలు ఇంకా మిగిలి ఉన్నాయి. 2013లో ఆ అడవిని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. విల్లు చేయాలనే సరదాతో ఎవరైనా అడవి కొమ్ము కోసం వెతికితే, అది సరదాగా మిగలదు.

ఇంట్లో పాత విల్లు ఉంటే ఎలా కాపాడాలి? కొబ్బరినూనె రాయకండి. నూనె మెరుపునిస్తుంది గాని లోపలి పొరలోకి ఇంకి జిగురును వదులు చేస్తుంది. మేకుకు వేలాడదీయకండి. పాత నూలు చీర మెత్తగా పరిచి, దాని సహజమైన వంపులోనే పడుకోబెట్టండి. మన వేసవి ఎండకు పొరలు పగులుతాయి, వానాకాలపు చెమ్మకు జిగురు మెత్తబడుతుంది. అందుకే పూర్వం ఆయుధశాలల్లో నిల్వ ఉంచడానికి ఉక్కు విళ్లు కూడా చేయించేవారు. కాబట్టి వంటింటి సెగా వద్దు, కారే కప్పు కిందా వద్దు. కొమ్మునూ నరాన్నీ తినే పురుగు ఉంటుంది. సన్నని పొడి రాలుతుంటే పురుగు పట్టిందని గుర్తు. నెలకోసారి తీసి చూడండి.

తర్వాత ఒక కాగితం మీద రాసి పెట్టండి: ఇది మా ఇంటికి ఎవరి కాలంలో వచ్చింది, ఎక్కడి నుంచి వచ్చిందని పెద్దవాళ్లు చెప్పేవారు, దీనితోపాటు ఇంకేమున్నాయి. అన్నివైపుల నుంచీ ఫోటోలు తీయించండి. నాగపూరు కేంద్ర మ్యూజియంలో ఆయుధాల విభాగం ఉంది, హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. ఏది దగ్గరైతే అక్కడికి ఆ ఫోటోలు పట్టుకెళ్లి చూపించండి. విల్లును బస్సులో మోసుకుపోకండి. అమ్మాలని ఉంటే అమ్మండి, అది మీ ఇష్టం. ఇంటి అవసరాలు ఎవరివి వారికే తెలుసు. కాని ఆ కాగితం నకలు వస్తువుతోపాటు పంపండి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. చరిత్ర తెలిసిన విల్లుకు ధర కూడా ఎక్కువే పలుకుతుంది, మధ్యవాడు చెప్పడు గాని.

ఇంకొక్క మాట. 2023లో చీనాలోని హాంగ్‌జౌ నగరంలో ఆసియా క్రీడలు జరిగినప్పుడు, విలువిద్యలో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీలో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ, మన నాగపూరు అబ్బాయి ఓజస్ దేవతళే కలిసి బంగారు పతకం తెచ్చారు. వాళ్ల విళ్లలో కొమ్మూ లేదు, వెదురూ లేదు. లోహం, కప్పీలు, తీగలు ఉన్నాయి. అయినా ఆ వార్త విన్నాక మన పల్లెల్లో ఎందరో పిల్లలు వెదురు గడకు తాడు కట్టి ఉంటారు. వేట నిషేధం కాబట్టి గోండు ఊళ్లలో విల్లు పండుగకో, బొమ్మగా అమ్మడానికో మిగిలింది. చంద్రపూర్ పక్కన చిచ్‌పల్లిలో వెదురు పరిశోధన, శిక్షణ కేంద్రం 2014లో పెట్టారు. వెదురుతో ఎన్నో వస్తువులు చేయడం అక్కడ నేర్పుతారు. గురికి పనికొచ్చే మంచి విల్లు చేయడం కూడా అలాంటి చోట నేర్పితే, కొమ్ము విల్లుకు మనం చేయలేనిది వెదురు విల్లుకైనా చేసినవాళ్లమవుతాం.

అంతదాకా మీరు చేయగలిగింది ఒకటుంది. ఈసారి జాతరలోనో సంతలోనో గోండు పెద్దాయన దగ్గర విల్లు కొంటే బేరం తర్వాత, ముందు పేరు అడగండి. ఊరు అడగండి. ఆ పేరు, ఊరు, తేదీ విల్లు లోపలివైపు సిరాతో రాయండి. అది రేపు మీ మనుమడి చేతికి వెళ్లినా, ఏ సేకర్త చేతికి వెళ్లినా ఆ పేరు దాని మీదే ఉంటుంది.